పెండ్లి వాకిట వెలుగు పట్టుకొను వారికి

ఈ మారు ధ్యానమునకు నిర్గమకాండము 22వ అధ్యాయము 6వ వచనమును, మత్తయి సువార్త 25వ అధ్యాయములోని మొదటి పదమూడు వచనములను తీసికొనుచున్నాము. బైబిలు దగ్గర పెట్టుకొని ఆ రెండు భాగములను ఒకసారి చదువుకొని, ఆ తరువాత ఈ మాటలు చూడుడని మనవి.

విషయము పెండ్లికి సంబంధించినది. మా కోలారు బంగారు గనుల ప్రాంతపు యౌవనస్థులలో చాలమంది ఇప్పుడు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోవుచున్నారు. అక్కడ తోటి ఉద్యోగుల పెండ్లిండ్లలో చూచినదో, చేతి ఫోనులో చూచినదో, ఒక కొత్త వాడుక మన వాకిటికి వచ్చినది. విందు ముగిసిన తరువాత, చీకటి వేళ, బంధుమిత్రులు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలిచి కాకరపువ్వొత్తులు వెలిగించి పైకెత్తి పట్టుకొందురు. నూతన దంపతులు ఆ వెలుగుల నడుమ నడిచి వెళ్లి కారు ఎక్కుదురు. అమెరికా పెండ్లిండ్లలో ఇది బాగుగా వాడుకలోనున్నది. వాడుక కొత్తదే గాని వస్తువు మనకు కొత్తది కాదు. తమిళనాడులోను మా గనులలోను దానిని కంబి మత్తాపు అందురు, కన్నడిగులు సుర్‌సుర్ బత్తి అందురు, మహారాష్ట్రలో ఫుల్‌బాజీ అందురు. యానాములోను బరంపురములోను ఉన్న మనవారు కాకరపువ్వొత్తి అనియే పిలుచుచున్నారు. కాకర తీగె మీద పచ్చని పువ్వు విచ్చుకొన్నట్లు నిప్పు విచ్చుకొనును. మాకు ఆ పేరే ఇష్టము.

ఇటీవల మా సంఘములో ఒక కుటుంబమువారు తమ కుమార్తె వివాహములో ఇట్లు చేయగోరి పెద్దల అనుమతి అడిగిరి. ఆ సాయంత్రము పెద్దల కూటము ముగియవలసిన వేళకు ముగియలేదు. ఒక సహోదరుడు లేచి, "మాస్టారూ, మన తాతలు దీపావళి విడిచిపెట్టి వచ్చినారు. ఇప్పుడు మనమే దాన్ని పిలుచుకొచ్చి చర్చి వాకిట్లో నిలబెడతామా?" అని అడిగెను. మరియొకరు లేవీయకాండము 10వ అధ్యాయము తెరచి, నాదాబు అబీహుల సంగతి చదివిరి. అహరోను కుమారులిద్దరు దేవుడు ఆజ్ఞాపించని అగ్నిని ఆయన సన్నిధికి తెచ్చి ప్రాణములు పోగొట్టుకొనిన సంగతి అది. వెనుక బల్ల మీద కూర్చున్న యౌవనస్థులు మాత్రము ఫోటోలు ఎంత బాగా వచ్చునో చెప్పుకొనుచుండిరి.

ఈ మూడు మాటలకును మేము జవాబు చెప్పవలసి వచ్చినది. అదియే ఇక్కడ కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

మొదట దీపావళి మాట. డిసెంబరు 24 రాత్రి పాటల బృందముతో తిరుగునప్పుడు, 31 రాత్రి ఆరాధన ముగిసి బయటికి వచ్చినప్పుడు మన పిల్లలు ఈ ఒత్తులనే కాల్చుచున్నారు. అప్పుడు ఎవరును ఆక్షేపించలేదు. ఇనుప తీగెకు పూసిన మందు ఏ మతమునకును చెందినది కాదు. ఇరుగుపొరుగువారు తమ పండుగకు కాల్చుదురు గనుక అది మనకు అంటరానిది అనుట న్యాయము కాదు. అయితే ఆ సహోదరుని మాటను మేము తోసివేయలేదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయములో మాంసమును గూర్చి పౌలు చెప్పినది అదే కదా: తనకు తప్పు కాకపోయినను తమ్ముని మనస్సు నొచ్చునట్లయితే తాను మానుకొందుననెను. కాబట్టి సంఘములోనికి కొత్తగా వచ్చిన రెండు కుటుంబములవారి ఇండ్లకు మేమే వెళ్లి అడిగితిమి. వారు నవ్వి, మాకేమీ అభ్యంతరము లేదనిరి. ఒకవేళ ఉన్నదని చెప్పియుంటే ఆ ఒత్తుల పెట్టెలు విప్పకుండ తిరిగి ఇచ్చివేయించెడివారము. ఈ సంగతి ఆ పెండ్లివారికి ముందే చెప్పియుంచితిమి.

నాదాబు అబీహుల మాటకు జవాబు చిన్నది. వారి పాపము ఆరాధన స్థలములో జరిగినది. కాబట్టి మందిరము లోపల, బలిపీఠము ఎదుట, ప్రమాణములు చేయించు వేళ, ఏ విధమైన నిప్పుల వేడుకయు ఉండరాదు. ఆశీర్వచనముతో ఆరాధన ముగియును. ఆ తరువాత భోజనములు. ఆ తరువాత వాకిలి. వీటిని కలిపివేయరాదు. అంతకు మించి ఆ వచనమును పెండ్లి వాకిటికి ఈడ్చుట సరికాదని మా తలంపు.

ఫోటోల మాటకు వచ్చెదము. ఫోటో తీసికొనుట తప్పని మేము చెప్పుట లేదు, మా పెండ్లి ఫోటో ఇంకను మా గోడ మీద ఉన్నది. అయితే ఫోటో కొరకే చేసినచో అది నాటకము. దంపతులను సాగనంపుటకు చేసినచో అది సంఘకార్యము. సాగనంపుట అను మాట మన తెలుగువారికి ఎవరును నేర్పనక్కరలేదు. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు ఊరి పొలిమేర దాక నడిచిన జాతి మనది. బైబిలులో కూడ చూడుడు. ఆదికాండము 24వ అధ్యాయము చివర రిబ్కాను ఆమె యింటివారు దాదితో కూడ పంపించుచు దీవించిరి. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో తూరు పట్టణపు విశ్వాసులు పౌలును ఓడ ఎక్కించుటకు భార్యలతోను పిల్లలతోను పట్టణము వెలుపలికి నడిచివచ్చి సముద్రతీరమున మోకరించి ప్రార్థించిరి. పిల్లలను కూడ తెచ్చిరని లూకా ప్రత్యేకముగా వ్రాసెను. వెళ్లిపోవు వారి వెంట సంఘమంతయు వాకిలి దాటి నాలుగడుగులు నడుచుట, అది అపొస్తలుల నాటి మర్యాద.

మా చిన్నతనమున గనుల లైన్లలో రాత్రి పెండ్లి ఊరేగింపునకు పెట్రోమాక్స్ దీపములు తలల మీద పెట్టుకొని మనుష్యులు నడిచెడివారు. 1902లోనే శివనసముద్రము నుండి మా గనులకు విద్యుత్తు వచ్చినదని పాఠములలో గొప్పగా చెప్పెడివారము. అయినను పెండ్లి ఊరేగింపునకు వెలుగు మనుష్యుల తలల మీదనే వచ్చెడిది. ఆ దీపములు మోయువారు కూలివారు. పెండ్లివారు వెలుగులో నడిచిరి, మోసినవారి ముఖములు ఎవరును చూడలేదు. ఇప్పటి ఈ కొత్త వాడుకలో మాకు నచ్చినది ఒకటే: వెలుగు పట్టుకొనువారు కూలికి వచ్చినవారు కారు, పెండ్లికి వచ్చినవారే.

ఇక మత్తయి సువార్త. పదిమంది కన్యకల ఉపమానమును మనము ప్రభువు రెండవ రాకడను గూర్చి బోధించుచున్నాము, అది సరియైనదే. అయితే ఉపమానము లోపలి కథను కథగా కూడ ఒకసారి చదువుడు. అది ఒక పెండ్లి ఏర్పాటు. రాత్రి వేళ, ఆలస్యము చేసిన పెండ్లికుమారుడు, నిద్రపోయిన కన్యకలు, అర్ధరాత్రి కేక. దివిటీలు పదిమందికిని ఉండెను. ఉత్సాహము కూడ పదిమందికిని ఉండెను. ఐదుగురి చేతిలో మాత్రమే సిద్దెలలో నూనె ఉండెను. తక్కినవారు అంగడికి పరుగెత్తిరి. వచ్చులోగా తలుపు వేయబడెను. మేము శిక్షణ పాఠశాలలో చదువుకొన్నప్పుడు మా గురువుగారు పాఠ్యపథకము వ్రాయకుండ తరగతిలో అడుగు పెట్టనిచ్చెడివారు కారు. ఉద్దేశము, ఉపకరణములు, సమయము, ఈ మూడును కాగితము మీద ఉండవలెను. ఆ ఐదుగురు బుద్ధిగల కన్యకలు పాఠ్యపథకము వ్రాసికొని వచ్చినవారని మేము ఆదివారపు బడి పిల్లలకు చెప్పుచుందుము.

ఆ ఉపమానమునకును మన వాకిటికిని ఒక భేదము కూడ ఉన్నది. నూనె పంచితే తరుగును, అందుకే బుద్ధిగలవారు పంచలేకపోయిరి. నిప్పు పంచితే తరుగదు. నా ఒత్తి కొనను నీ ఒత్తి కొనకు తాకించినంత మాత్రాన నా వెలుగు తగ్గదు. అయితే నిప్పునకు తరుగకపోవుటయే గుణము, తరుగకపోవుటయే ప్రమాదము.

ఇక్కడనే నిర్గమకాండము మాట మనకు కావలెను. ఒకడు నిప్పు పెట్టెను, అది ముండ్లకంపకు అంటుకొనెను, అక్కడ నుండి పొరుగువాని పంటకు పాకెను. అప్పుడు మోషే ధర్మశాస్త్రము అతనిని ఏమి అడుగుచున్నది? నీ ఉద్దేశము ఏమిటని అడుగుట లేదు. గాలి వీచెనా అని అడుగుట లేదు. నిప్పు ముట్టించినది ఎవరు అని మాత్రమే అడిగి, నష్టము వానిచేత కట్టించుచున్నది. ద్వితీయోపదేశకాండము 22:8లో కొత్త యిల్లు కట్టినవాడు డాబా చుట్టు పిట్టగోడ కట్టవలెనని ఉన్నది, ఎవడైన పడి చనిపోయినచో ఆ రక్తాపరాధము యింటివాని మీద పడును గనుక. చూడుడు, పడినవాడు తన అజాగ్రత్త వలన పడియుండవచ్చును. అయినను పిట్టగోడ కట్టవలసిన భారము యింటి యజమానిదే. మన దేవుడు భక్తిని గూర్చి చెప్పిన నోటితోనే పిట్టగోడను గూర్చి కూడ చెప్పెను.

ఈ ఒత్తి చూచుటకు పిల్లల ఆటవస్తువు. దాని మందులో అల్యూమినియము పొడి, ఇనుప రజను, మండించు లవణము కలిసియుండును. కాలుచున్నప్పుడు దాని వేడి సుమారు 1,100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవును. మా గనుల పిల్లలకు ఇట్లు చెప్పితే వెంటనే అర్థమగును: బంగారము కరుగుటకు 1,064 డిగ్రీలు చాలును. మన తాతలు భూమిలో మూడు కిలోమీటర్ల లోతుకు దిగి త్రవ్వితెచ్చిన లోహమును కరిగించునంత వేడిని ఐదేండ్ల పిల్లవాని చేతికి ఇచ్చి, అటు తిరిగి మాటలాడుకొనుట న్యాయమా?

రెండు సంగతులు జ్ఞాపకము చేయుచున్నాము, భయపెట్టుటకు కాదు. 2004 జనవరి 23న తమిళనాడులోని శ్రీరంగములో ఒక పెండ్లి మండపమున వీడియో దీపపు విద్యుత్తు నుండి రేగిన నిప్పు ఆకుల పందిరికి అంటుకొని యాభై మందికి పైగా చనిపోయిరి. వారిలో పెండ్లికుమారుడు కూడ ఉండెను. 2023 సెప్టెంబరు 26 రాత్రి ఇరాకు దేశములో, యోనా ప్రవక్త వెళ్లిన నీనెవె పేరు గల మండలములోనే, ఖరఖోష్ అను ఊరిలో ఒక క్రైస్తవ వివాహపు విందు జరుగుచుండెను. మూసిన హాలు లోపల బాణసంచా వెలిగించిరి. నిప్పురవ్వలు పైకప్పు అలంకరణలకు తగిలినవి. నూరు మందికి పైగా చనిపోయిరి. వధూవరులు బ్రతికిరి గాని తమ దగ్గరి బంధువులలో అనేకులను పోగొట్టుకొనిరి. మూసిన హాలు, నిప్పు, మండు అలంకరణ, ఈ మూడును కలిసినచోట ప్రార్థన ఒక్కటే చాలుననుట ప్రభువును శోధించుటయే.

కాబట్టి మేము అనుమతి ఇచ్చితిమి, అయితే షరతులతో ఇచ్చితిమి. మొదటి షరతు స్థలము. హాలులో వద్దు, షామియానా క్రింద వద్దు, ఎండుగడ్డి మీద వద్దు. మా మందిరపు ఆవరణలో గేటు దాక సిమెంటు బాట ఉన్నది, ఇరుప్రక్కల గడ్డిని ముందురోజు కోయించి తడిపించితిమి. బెంగుళూరు నుండి వచ్చిన అలంకరణవారు చల్లని నిప్పు చిమ్మెడు యంత్రమని ఒకటి చూపి, ఇది లోపల కూడ పెట్టవచ్చుననిరి. పేరు చల్లనిదే గాని యంత్రము నోటి దగ్గర నిప్పు నిప్పే. దానిని వెనుకకు పంపివేసితిమి.

రెండవది లెక్క. దీని మీద కొంత సేపు నిలువవలసియున్నది, ఏలయనగా పెండ్లివారు ఎవరును ఈ లెక్క వేసికొనరు. ఎనుబది మంది నిలుతురు, ప్రక్కకు నలువది. మనిషికి రెండున్నర అడుగులు విడిచినచో వరుస నూరు అడుగులు. దంపతులు చేయి చేయి పట్టుకొని మెల్లగా నడిచినచో ముప్పావు నిమిషమునకు కొంచెము మించి పట్టును. ఒక ఒత్తి అంటుకొనుటకు ఐదు సెకన్లనుకొన్నను, ఒక్కడే కొవ్వొత్తి పట్టుకొని నలువదిమందికి వెలిగించుకొని పోయినచో రెండు వందల సెకన్లు, అనగా మూడు నిమిషములు దాటును. చివరివాడు వెలిగించుకొనులోగా మొదటివాని ఒత్తి ఆరి తీగె చల్లబడును. అందుచేత ఎనిమిదిమంది చొప్పున పది జట్లు చేసి, ప్రతి జట్టు నడుమ ఒక పెద్దవానిని గాజు చిమ్నీ గల దీపముతో నిలిపితిమి. అతడు వెలిగించి కుడి ఎడమలకు అందించును, ఇరువది సెకన్లలో జట్టంతయు వెలుగును. వాకిటి దగ్గరి జట్టు ముందు, గేటు దగ్గరి జట్టు చివర. ముందుగా ఒక ఒత్తిని గడియారము చూచుచు కాల్చి, ఎంతసేపు నిలుచునో తెలిసికొంటిమి. పెట్టెలు వేరువేరు రకములైతే లెక్క తప్పును, ఒకే రకము కొనవలెను. రెండు మూడు ఒత్తులు కట్టగా కలిపి ఎవరును కాల్చరాదు. అది ఒత్తి కాదు, మంట.

ఒత్తులు కొనునప్పుడు చట్టమును కూడ చూడవలెను. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు బేరియము లవణములు గల బాణసంచాను నిషేధించి, తక్కువ పొగ వచ్చు గ్రీన్ రకములను మాత్రమే అనుమతించినది. డబ్బా మీద నీరి సంస్థ గుర్తు ఉన్నదో లేదో చూచికొనుడు. మీ ఊరిలో ఇంకేమైన ఆంక్షలున్నవేమో ఠాణాలో అడుగుడు. రాత్రి పదిగంటల లోపు ముగించుడు. చివరి బండి పట్టుకొనవలసిన చుట్టములు ఉందురు గనుక మేము ఎనిమిదిన్నరకే ముగించితిమి.

మూడవది గాలి. ఇది మా గనుల సంఘమునకు ప్రత్యేకమైన సంగతి, అయితే రాళ్ల గనులలోను మిల్లులలోను పనిచేసినవారు ఉన్న ప్రతి సంఘమునకును వర్తించును. మా గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. గని మూతపడినను గని దుమ్ము మాత్రము ఊపిరితిత్తులలో నుండి పోలేదు. సిలికోసిస్ జబ్బుతో నాలుగడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసికొను పెద్దలు మా సంఘములో ఇంకను ఉన్నారు. వారి త్రవ్వకము మీదనే మా మందిరపు రాళ్లు నిలిచియున్నవి. ఎనుబది ఒత్తుల పొగ ఒకేసారి లేచినప్పుడు వారి గతి ఏమి? వారిని ఇంటికి పంపివేసి వేడుక చేసికొందుమా? ఆ సాయంత్రము గాలి సైనైడు దిబ్బల వైపు నుండి వచ్చుచుండెను. కాబట్టి గాలి వచ్చు దిక్కున, వరుసకు దూరముగా కుర్చీలు వేయించి, వారి చేతులకు లాంతర్లు ఇచ్చితిమి. ఒక పెద్దాయన లాంతరు ఎత్తి చూచి, "ఇది మేలు నాయనా, ఇది ఆరిపోదు" అనెను.

తక్కినవి త్వరగా చెప్పెదము. పెండ్లికుమార్తె తలమీది నెట్టు ముసుగు వాకిలి దాటకముందే తీసివేయవలెను, అది నైలాను. నైలాను, పాలిస్టరు బట్టలు మండుటయే గాక కరిగి చర్మమునకు అంటుకొనును. పైటలు, చున్నీలు పిన్నులతో బిగించుకొనవలెను. చేయి బారచాపి కొన పైకి ఉండునట్లు పట్టుకొనవలెను. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు నిప్పు ఇవ్వరాదు. వారికి చిన్న గంటలు ఇచ్చితిమి, ఆ మ్రోత వలన వేడుకకు వేడుకయు వచ్చినది. ప్రతి జట్టుకు ఒక నీళ్ల బకెట్టు, ఆరిన తీగె అందులోనే వేయవలెను, ఏలయనగా వెలుగు ఆరిన తరువాతనే అది మోసము చేయును. కాలినచో ఇరువది నిమిషములు కుళాయి నీటి క్రింద పెట్టవలెను. సిరా, టూత్‌పేస్టు, పసుపు పూయరాదు. ప్రార్థన మాత్రము ఒత్తులు వెలిగించకముందే చేయవలెను. అయ్యగారు ప్రార్థించుచుండగా కన్నులు మూసికొని చేతిలో నిప్పు పట్టుకొను భక్తి మనకు వద్దు.

ఖర్చు మాట కూడ ఒకటి. ఈ పెట్టెల ఖర్చును ఆడపిల్ల తండ్రి మీద వేయరాదని పెద్దల కూటములో తీర్మానించితిమి. అప్పటికే పెండ్లి అప్పులతో క్రుంగినవాని మీద మన ముచ్చట మోపరాదు. ఒత్తి పట్టుకొనగోరు వారే తలా కొంత వేసికొనిరి. పది నిమిషములలో సొమ్ము సమకూడెను.

ఇప్పుడు వరుసలో ఎవరు నిలువవలెను అను ప్రశ్న. అనుమతి ఇచ్చునప్పుడు మా మనస్సులో ఎక్కువగా ఉన్నది ఇదే. ప్రియులారా, మనము శకునములు విడిచితిమని చెప్పుకొనుచున్నాము. అయితే పెండ్లికుమార్తె గడప దాటు వేళ మన సంఘములలో విధవరాండ్రు ఎక్కడ ఉందురో గమనించితిరా? వంట పాత్రల దగ్గర ఉందురు, స్తంభము వెనుక ఉందురు. ఎవరును పొమ్మనరు. వారే తప్పుకొందురు. ఎవరును రమ్మనరు కూడ. లూకా సువార్త 2వ అధ్యాయములో శిశువైన యేసును మందిరమునకు తెచ్చినప్పుడు ఎదురు వచ్చినవారిలో ఒకతె ఎనుబది నాలుగేండ్ల విధవరాలు. హన్న ఎదురు వచ్చినది గనుక అపశకునమని మరియ యోసేపులు వెనుకకు తిరుగలేదు. ఆమె ఆ శిశువును గూర్చి అందరితో మాటలాడెను.

ఈ పెండ్లికుమార్తెను పెంచినది ఆమె మేనత్త. తల్లి ఉద్యోగమునకు పోవుచుండగా జడలు వేసి బడికి పంపినది ఆమెయే. గని పనిలో భర్తను పోగొట్టుకొని ముప్పది యేండ్లయినది. వరుసలు నిలుపుచుండగా ఆమె కనబడలేదు. అమ్మగారు వెదకుచు పోగా వెనుక పంపు దగ్గర గిన్నెలు కడుగుచుండెను. "నేను ఎదురు రాకూడదమ్మా, బిడ్డ కొత్తగా పోతావుంది" అనెను. అమ్మగారు వాదించలేదు. ఆమె చేతులు తన కొంగుతో తుడిచి, చేయి పట్టుకొని తీసికొనివచ్చి వాకిటి ముందు మొదటి స్థలమున నిలిపి, మొదటి ఒత్తి ఆమె చేతికే ఇచ్చిరి. దీపము పట్టుకొన్న పెద్ద ఆమె ఒత్తి వెలిగించెను. ఆమె నుండి ప్రక్కవారు, వారి నుండి ఆ ప్రక్కవారు వెలిగించుకొనిరి. పెండ్లికుమార్తె వాకిలి దాటి మొదట చూచినది ఆ ముఖమునే. ఫోటోలు తీయువాడు ముందుకు నడవండి నడవండి అని చెప్పుచున్నను ఆ అమ్మాయి అక్కడనే ఆగిపోయెను. మా సమయపు లెక్క అక్కడ తప్పినది. గేటు దగ్గరి రెండు జట్లవారి ఒత్తులు దంపతులు చేరకముందే ఆరిపోయినవి. దానికి ఎవరును ఏమియు అనలేదు.

కారు వెళ్లిన తరువాత మేమును నలుగురు యౌవనస్థులును తీగెలు లెక్కించుటకు కూర్చుంటిమి. మా తండ్రులు గనిలోనికి దిగునప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క బిళ్ళ తీసికొనెడివారు. పైకి వచ్చిన తరువాత బిళ్ళలు లెక్క చూచెడివారు, ఒకటి తగ్గినచో ఒక మనిషి లోపల ఉన్నాడని అర్థము. ఆ అలవాటు మాకు పోలేదు. మరునాడు ఆదివారము, పిల్లలు వట్టి కాళ్లతో ఆ బాట మీదనే పరుగెత్తుదురు. ఎనుబది ఇచ్చితిమి, బకెట్లలో డెబ్బది తొమ్మిది ఉన్నవి. టార్చిలైటు వేసికొని గడ్డిలో, క్రోటను కుండీల మధ్య, కాలువ గట్టున అరగంట వెదకితిమి. చివరకు పంపు దగ్గర మిగిలిన గిన్నెలు కడుగుకొనుచున్న ఆ మేనత్త మమ్మును చూచి, దేని కొరకు వెదకుచున్నారని అడిగెను. సంగతి విని కొంగు ముడి విప్పి చూపెను. నీళ్లలో ముంచి, చల్లార్చి, తుడిచి, వంచి ముడి వేసికొనిన తీగె అది. ఎనుబది సరిపోయినవని లెక్క పుస్తకములో వ్రాసికొంటిమి. తీగెను ఆమె దగ్గరనే ఉండనిచ్చితిమి.